వేసుకునేవారా? వేసుకుంటున్నారా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధం చివరి పేజీలో వచ్చే ఇంగ్లీషు పాఠాన్ని నేను ప్రతివారం కత్తిరించి దాస్తాను. మా డ్యూటీ గదిలో అద్దం పక్కన అంటిస్తే, కొత్తగా చేరిన పిల్లలు జడ వేసుకుంటూ చదువుకుంటారు. గత ఆదివారం ముక్కను మాత్రం అంటించలేదు. అందులో ‘యూజ్డ్ టు’ అనే జంటపదానికి ఎదురుగా ‘అలవాటు’ అని ఒక్క మాట రాశారు. దాని కింద ‘ఐ యూజ్డ్ టు రీడ్ ద న్యూస్‌పేపర్ ఎవ్రీ మార్నింగ్’ అని ఇచ్చి, ‘నాకు రోజూ పొద్దున్నే పేపరు చదివే అలవాటు ఉంది’ అని తెలుగు చేశారు.

ఆ వాక్యానికి అర్థం అది కాదండీ. ‘ఒకప్పుడు రోజూ పొద్దున్నే పేపరు చదివేవాణ్ణి’ అని. ఇప్పుడు చదవడం లేదన్న సంగతి కూడా ఆ రెండు మాటల్లోనే వినపడుతుంది.

ఇది అచ్చుతప్పే అయితే ఉత్తరం రాసేదాన్ని కాదు. ఇదే తప్పును నేను చదువుకునే రోజుల్లో ఒక గైడు పుస్తకం నాకు నేర్పింది. అలాగే నేర్చుకున్నాను, అలాగే రాశాను. దానివల్ల ఏం జరగబోయిందో చెబితే, రెండు మాటల పాఠానికి ఇంత ఉత్తరం ఎందుకని మీరు అనుకోరు.

నేను 22 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. రోగి చెప్పేది తెలుగులో విని, కేస్ షీట్‌లో ఇంగ్లీషులో రాయడం మా పనిలో సగం. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, హెర్నియా ఆపరేషను కోసం ఒక పెద్దాయన మా వార్డులో చేరారు. ఏయే మందులు వాడుతున్నారని అడిగాను. మాత్రలన్నీ ఒక గుడ్డసంచిలో తెచ్చుకున్నారు, ఒక్కొక్కటే తీసి మంచం మీద పెడుతూ చెప్పారు. “ఇది బీపీకమ్మా, పొద్దున్నే. ఇది రక్తం పలచబడే మాత్ర. గుండె డాక్టరుగారు రాశారు. రాత్రి పడుకునే ముందు వేసుకోవడం అలవాటు.” అలవాటు అన్నారు కదా, నా కలం దానంతటదే ‘యూజ్డ్ టు టేక్ బ్లడ్ థిన్నర్ ఎట్ నైట్’ అని రాసేసింది. రాసి, మంచి ఇంగ్లీషు రాశానని సంతోషపడ్డాను కూడా.

షీట్ చూసిన డాక్టర్లు ఆయన ఆ మాత్ర ఎప్పుడో మానేశారనుకున్నారు. వాళ్ల తప్పేం లేదు, నేను రాసింది అదే. మర్నాడు పొద్దున థియేటర్‌కు తీసుకెళ్లే ముందు మత్తు డాక్టరుగారు మంచం దగ్గరికి వచ్చారు. కాగితం చదివి వెళ్లిపోవచ్చు. ఆయన అలా వెళ్లే మనిషి కాదు. “ఈ మాత్ర మానేసి ఎన్నాళ్లయింది?” అని రోగినే అడిగారు. పెద్దాయన తెల్లబోయారు. “మానెయ్యడమేంటి సార్, రాత్రి కూడా వేసుకున్నాను.”

ఆ రోజు ఆపరేషను ఆగిపోయింది. అలాంటి మాత్ర మీద ఉన్న మనిషికి కోత పెడితే రక్తం ఓ పట్టాన ఆగదు. దాన్ని ముందే ఆపాలా, ఆపితే ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది డాక్టర్లు మనిషిని బట్టి, మందును బట్టి లెక్క చూసుకుంటారు. నా రెండు మాటలు ఆ లెక్క మొత్తాన్ని దాటించేశాయి. మత్తు డాక్టరుగారు షీట్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. కేకలు వేయలేదు. ఆ రెండు మాటల కింద వేలు పెట్టి, “ఇది నువ్వు రాసిందేనా?” అన్నారు. ఆయనకు అలవాటుంది కదా సార్ అన్నాను. “అలవాటుంటే టేక్స్ అని రాయాలమ్మా. యూజ్డ్ టు టేక్ అంటే వేసుకునేవాడు అని. ఇప్పుడు వేసుకోవట్లేదని.”

‘వేసుకునేవాడు’. ఆయన ఆ మాట అనగానే నాకు మొత్తం తెలిసిపోయింది. మీ పాఠం మీద నాకున్న బాధ కూడా ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో యూజ్డ్ టు ఏ పని చేస్తుందో, ఆ పనికి తెలుగులో సరిగ్గా కొలిచినట్టు సరిపోయే రూపం ఉంది. వచ్చేవాడు, వెళ్లేది, ఉండేవాళ్లం, తినేదాన్ని. ఇది ఏ వ్యాకరణ పుస్తకమూ చదవని పసిపిల్లకు కూడా తెలుసు. ‘ఇక్కడ ఒక చెట్టు ఉండేది’ అంటే, చెట్టు ఇప్పుడేమైందని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. లేదని వినేవాళ్లకు అర్థమైపోతుంది. ‘దేర్ యూజ్డ్ టు బి ఎ ట్రీ హియర్’ కూడా అంతే, ఇసుమంత తేడా లేదు. ఇంత చక్కటి రూపం చేతిలో ఉండగా దాన్ని పక్కన పెట్టి ‘అలవాటు’ అనే నామవాచకాన్ని ఎందుకు అతికిస్తున్నామో నాకు అర్థం కాదు. అలవాటు అనే మాటకు కాలం లేదు. నిన్నటిదో ఇవాళ్టిదో అది చెప్పదు. యూజ్డ్ టుకు ఉన్నదంతా కాలమే.

అప్పటినుంచి నేను కొత్త పిల్లలకు ఒకటే చెబుతున్నాను. ముందు తెలుగులో అనుకోండి. ‘వేసుకునేవారు’ అని వస్తే యూజ్డ్ టు టేక్. ‘వేసుకుంటారు’ అని వస్తే టేక్స్. కావాలంటే పక్కన ‘యూజువల్లీ’ అనో ‘ఎవ్రీ నైట్’ అనో చేర్చుకోండి. ఇప్పటి అలవాటుకు ఇంగ్లీషులో మామూలు వర్తమాన క్రియ చాలు, ఇంకే అలంకారమూ అక్కర్లేదు.

దీనిలోనూ రెండు మెలికలు ఉన్నాయి, దాచకుండా చెబుతాను. మొదటిది: ‘రోజూ వచ్చేవాడు’ అని అక్కడే ఆపేస్తే, ఒకప్పుడు వచ్చేవాడని అర్థం. ‘రోజూ వచ్చేవాడు ఇవాళ రాలేదు’ అంటే అర్థం మారిపోతుంది. ఇక్కడ ‘వచ్చేవాడు’ క్రియ కాదు, ఆ మనిషికి పేరులాంటిది. నిన్నటిదాకా వస్తూనే ఉన్నాడు, రేపూ రావచ్చు. దీన్ని ఇంగ్లీషులో ‘ద మ్యాన్ హూ కమ్స్ ఎవ్రీ డే’ అనాలి. యూజ్డ్ టు ఇక్కడ పనికిరాదు. మనవాళ్లు ఇప్పటి సంగతికి కూడా యూజ్డ్ టు వాడటానికి గైడు పుస్తకాలతో పాటు ఇది కూడా ఒక కారణమని నా అనుమానం. ఒకే రూపం మనకు రెండు పనులూ చేసిపెడుతోంది. వాక్యం చివర ఉందా, మధ్యలో ఉందా అని చూసుకుంటే తేడా తెలుస్తుంది.

రెండోది ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఈ ఉత్తరం మొదట్లో ‘అచ్చుతప్పే అయితే ఉత్తరం రాసేదాన్ని కాదు’ అన్నాను. అక్కడ ‘రాసేదాన్ని’ అంటే ఒకప్పటి సంగతి కాదు. జరగని సంగతి. ‘చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి’ అన్నప్పుడూ అంతే. ఇంగ్లీషులో ఇలాంటి చోట యూజ్డ్ టు రాదు, ‘వుడ్’ వస్తుంది. అదే వుడ్ ఇంగ్లీషులో పాత అలవాటుకు కూడా పనికొస్తుంది. ‘హి వుడ్ సిట్ బై ద విండో ఎవ్రీ ఈవినింగ్’ అంటే రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చునేవాడని. జరిగిన అలవాటుకూ జరగని సంగతికీ ఒకే రూపం వాడటం మనకే కాదు, వాళ్లకూ ఉందన్నమాట. అయితే వుడ్ పనులకే చెల్లుతుంది, స్థితులకు చెల్లదు. చెట్టు ఉండేది అనడానికి వుడ్ కుదరదు, యూజ్డ్ టు బి అనే అనాలి.

ఇక అసలు చిక్కు. ఇదే జంటకు ముందు ‘యామ్’, ‘ఈజ్’, ‘ఆర్’ చేరితే అర్థం పూర్తిగా మారిపోతుంది. మీ పాఠంలో రాసిన ‘అలవాటు’ నిజానికి ఇక్కడికి చెందాల్సింది. మా వార్డులో ముగ్గురు నర్సుల మాటలే తీసుకోండి. ఇప్పుడు పగటి డ్యూటీకి మారినావిడ ‘ఐ యూజ్డ్ టు వర్క్ నైట్స్’ అంటుంది. రాత్రి డ్యూటీలు చేసేదాన్ని అని. ఏళ్ల తరబడి రాత్రులు చేస్తున్నావిడ ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్స్’ అంటుంది. నాకు అలవాటే, కష్టమనిపించదు అని. నెల కిందట చేరిన పిల్ల ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్స్’ అంటుంది. అలవాటు పడుతున్నాను అని. మన భాషలో అలవాటు ఉండటం వేరు, అలవాటు పడటం వేరు, అలవాటు తప్పడం వేరు. ఈ తేడాలు ఒక్కటి కూడా మనకు కొత్త కాదు.

మొదటామె ‘వర్క్’ అంది, మిగతా ఇద్దరూ ‘వర్కింగ్’ అన్నారు. గమనించారా? మొదటి వాక్యంలో ‘టు’ క్రియకు ముందు వచ్చే టు. తర్వాతి వాక్యాల్లో ‘టు’ మన ‘కి, కు’ లాంటిది. రాత్రి పనికి అలవాటు పడ్డాను, ఈ చప్పుడుకు అలవాటు పడ్డాను. ‘ఐ యామ్ యూజ్డ్ టు ద నాయిస్’. అక్కడ ఒక వస్తువు పేరు పెట్టగలిగితే, క్రియను పెట్టేటప్పుడు దానికి ఇంగ్ చేర్చాలి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’ లో ఉన్నదీ ఈ టునే.

పోయిన నెల ఒక కొత్త పిల్ల ‘పేషెంట్ ఈజ్ యూజ్డ్ టు స్లీప్ ఆన్ టూ పిల్లోస్’ అని రాసింది. తప్పు దిద్దుదామని కూర్చున్నాను. ఎటు దిద్దాలో తెలియలేదు. ‘ఈజ్’ కొట్టేస్తే, ఒకప్పుడు రెండు దిండ్లు పెట్టుకుని పడుకునేవారు, ఇప్పుడు కాదు అని అవుతుంది. ‘స్లీప్’ను ‘స్లీపింగ్’ చేస్తే, రెండు దిండ్లు ఆయనకు అలవాటే అని అవుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లను ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటారని డాక్టర్లు ఊరికే అడగరు. గుండె బలహీనపడితే వెల్లకిలా పడుకున్నప్పుడు ఆయాసం వస్తుంది, అందుకని మనిషి తల ఎత్తు పెంచుకుంటూ పోతాడు. ఒక దిండు రెండయిందా, రెండు మూడయ్యాయా అన్నది డాక్టరుకు కబురులాంటిది. అందుకని ఆ పిల్లను వెంటబెట్టుకుని మళ్లీ రోగి దగ్గరికే వెళ్లాను. “ఈ మధ్యనే మొదలైందమ్మా, రెండు వారాలుగా. లేకపోతే ఊపిరాడట్లేదు” అన్నారాయన. పాత సంగతీ కాదు, అలవాటూ కాదు! రెండు వారాలుగా రెండు దిండ్లు కావలసి వస్తోందని మామూలు మాటల్లో రాయించాను. యూజ్డ్ టు ఎక్కడా అక్కర్లేకపోయింది.

మరో సంగతి. ఐసీయూ గుమ్మం దగ్గర ఒక కొడుకు, తెలుగు రాని డాక్టరుకు వాళ్లమ్మ గురించి చెబుతున్నాడు. ‘షి యూజ్డ్ టు వాక్ అలోన్, షి యూజ్డ్ టు బేద్ అలోన్.’ డాక్టరు మెల్లగా, ఎప్పటినుంచి చేసుకోలేకపోతున్నారని అడిగారు. ఆ అబ్బాయి కంగారుపడ్డాడు. ‘నో నో, టిల్ ఎస్టర్‌డే!’ నిన్నటిదాకా తనంతట తాను నడిచిన మనిషి ఇవాళ లేవలేకపోవడం వేరు, ఏడాదిగా లేవలేకపోవడం వేరు. వెతకాల్సిన జబ్బులే వేరు. అక్కడ ఉన్నాను కాబట్టి నేనూ ఒక మాట అందించాను. లేకపోయినా ఆ డాక్టరు అడిగి తెలుసుకునేవారే. కానీ అందరూ అడగరు, అడిగే తీరిక అన్నివేళలా ఉండదు.

సిగరెట్ల గురించి రాసేటప్పుడు ఇంకో పొరపాటు చూస్తుంటాను. ‘హి యూజ్డ్ టు స్మోక్ ఫర్ టెన్ ఇయర్స్’. ఎన్నేళ్లో, ఎన్నిసార్లో లెక్క చెప్పేటప్పుడు యూజ్డ్ టు ఇమడదు. ‘హి స్మోక్డ్ ఫర్ టెన్ ఇయర్స్’ చాలు. తెలుగులోనూ ‘పదేళ్లు కాల్చాడు’ అనే అంటాం. ‘పదేళ్లు కాల్చేవాడు’ అంటే మనకే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మళ్లీ మన చెవే సాక్ష్యం.

పలకడం గురించి మీ పాఠంలో ఏమీ రాయలేదు. రెండు వాక్యాలు చెబుతాను. ‘దిస్ సిరంజ్ ఈజ్ యూజ్డ్ టు ఫ్లష్ ద లైన్’, అంటే మందు ఎక్కించే గొట్టాన్ని శుభ్రం చేయడానికి ఈ సిరంజి వాడతారు అన్నప్పుడు, అది నిజంగా వాడటమే. అక్కడ ‘యూజ్డ్’ అని జకారం వినపడుతుంది. అలవాటుకూ పాత సంగతికీ వాడేటప్పుడు మాత్రం అది ‘యూస్టు’ అని ఒకే మాటలా పలుకుతుంది. పక్కనున్న ట కారం తగిలి జ కాస్తా స అయిపోయింది, డ అందులో కలిసిపోయింది. అందుకే ‘డిడ్ యూ యూజ్ టు స్మోక్?’ అని అడిగేటప్పుడు చివర డి ఉందో లేదో చెవికి తెలియదు. రాసేటప్పుడు తీసెయ్యాలి, ‘డిడ్’ వచ్చాక భూతకాలం రెండోసారి అక్కర్లేదు.

ఇప్పటి అలవాటుకు యూజ్ టు అనాలని మనవాళ్లకు అనిపించడం అంత వింతేమీ కాదు. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లూ అనేవాళ్లు. నా దగ్గరున్న పాత ఇంగ్లీషు బైబిలు 1611 నాటి అనువాదం. అందులో 119వ కీర్తన 132వ వచనంలో ‘యాజ్ దౌ యూజెస్ట్ టు డూ’ అని ఉంది, నీవు ఎప్పుడూ చేసే విధంగా అని. వర్తమానంలోనే. ఆ వర్తమాన రూపం తర్వాత వాడుకలోంచి జారిపోయింది, భూతకాలపు రూపం ఒక్కటే మిగిలింది. ‘యూజ్’ అంటే వాడటం కదా, దానికి అలవాటుతో సంబంధం ఏమిటని పిల్లలు నన్ను అడుగుతుంటారు. మన ‘వాడుక’ను చూడమంటాను. వాడటంలోంచి పుట్టిన మాటే అది. మందు వాడుకా ఉంది, వాడుక భాషా ఉంది, వాడుకగా వచ్చే మనిషీ ఉన్నాడు. పదే పదే వాడింది అలవాటవుతుందని రెండు భాషలూ విడివిడిగానే కనిపెట్టుకున్నాయి. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

నా మనవి ఇది. గత ఆదివారం పాఠానికి సవరణ వేయండి. ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో కాదు, ఆ పాఠం వచ్చిన చోటే, అదే పరిమాణంలో. నాలాగే దాన్ని కత్తిరించి దాచుకున్నవాళ్లు ఎంతమందో ఉంటారు. ‘ఐ యూజ్డ్ టు రీడ్’ పక్కన ‘చదివేవాణ్ణి, చదివేదాన్ని’ అని వేయండి. ‘ఐ యామ్ యూజ్డ్ టు రీడింగ్’ పక్కన ‘చదవడం నాకు అలవాటే’ అని వేయండి. ‘ఐ రీడ్’ పక్కన ‘చదువుతాను’ అని వేయండి. మూడూ ఒకేచోట కనపడాలి. ఇకముందు జంటపదాల పాఠాల్లో ఒక మాటకు ఒక మాట ఎదురు పెట్టడం మానేసి, పూర్తి తెలుగు వాక్యం ఇవ్వమని పాఠం రాసేవారికి చెప్పండి. వారి శ్రమ మీద నాకు గౌరవం ఉంది. ఆరేళ్లుగా ఒక్కవారం వదలకుండా అంటిస్తూ వచ్చాను.

ఆ పెద్దాయనకు తర్వాత వేరే రోజు చూసుకుని ఆపరేషను చేశారు, బాగానే ఇంటికి వెళ్లారు. వెళ్లేటప్పుడు ఆ గుడ్డసంచి నాకు చూపించి, “అన్నీ మళ్లీ వేసుకోవచ్చా తల్లీ?” అని అడిగారు. ఒక్కో మాత్రా బయటికి తీయించి, డాక్టరుగారు రాసిన చీటీతో సరిచూసి, ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో రాసిచ్చాను. ఇప్పటికీ ఎవరు చేరినా ప్రతి మందుకూ రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇదివరకు వేసుకునేవారా? ఇప్పుడూ వేసుకుంటున్నారా? రెండింటికీ జవాబు విన్నాకే కలం తీస్తాను.

సవరణ వచ్చిన ఆదివారం ఆ ముక్కను అద్దం పక్కన అంటిస్తాను. దానికోసం చోటు ఖాళీగా ఉంచాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక స్టాఫ్ నర్సు